వంటింట్లో పుట్టిన హెడ్‌ఫోన్

2008లో విమానాల రాకపోకలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. రెండుచోట్లా పైలట్‌కు నేలమీది మాట వినిపించింది హెడ్‌ఫోనే. అది పుట్టిందెక్కడో తెలుసాండీ? వంటింట్లో! 1910లో అమెరికాలో నథానియల్ బాల్డ్విన్ వంటింటి బల్లమీద చేసి నౌకాదళానికి పంపాడు.

పాతది మూగబోయిందంటే లోపం తరచు తీగదే. నూలుపోగుకు సన్నని రాగిరేకు చుట్టిన తీగ అది. మెలిపడీ మెలిపడీ లోపలే తెగుతుంది. కాల్చి అతికిద్దామంటే నూలు మాడుతుంది. అందుకని తీగే మార్చాలి. ఏ కొస ఏ స్క్రూకో ముందే గుర్తు పెట్టుకోండి. తారుమారైతే పాత వాల్వు రేడియోల కరెంటు లోపలి అయస్కాంతాన్ని నీరసపరుస్తుంది. లాగుడు తీగమీద పడకుండా దారం ముడి వేయడం మరవకండి.

1950లో ఆకాశవాణిలో కలిసిన డెక్కన్ రేడియోను మీ తాతగారు విన్నది దానితోనే కావచ్చు. పాతసామాన్లవాడికి వేసేముందు, ఒక్కసారి తీగ చూడండమ్మా!