బొగ్గు గనుల ప్రాంతంలో పగటి దోమ : డెంగీ, చికున్‌గున్యా వ్యాప్తిపై నేపథ్య సమాచారం

వర్షాకాలం ప్రవేశించగానే రామగుండం, గోదావరిఖని ప్రాంతాల నుండి జ్వరాల వార్తలు పత్రికలకెక్కడం ఏటా జరిగేదే. ఆ వార్తలతో పాటు ప్రచురితమయ్యే ఛాయాచిత్రాలు మాత్రం చాలావరకు మురుగు కాలువలవో, ఓపెన్‌కాస్టు గనుల చెంత నిలిచిన నీటి గుంటలవో అయి ఉంటాయి. డెంగీ, చికున్‌గున్యాలను వ్యాపింపజేసే ఈడిస్ ఈజిప్టి దోమకు అవి నివాసాలు కావు. అది ఇంటి ఆవరణలోని సిమెంటు గోళెంలో, కూలరు అడుగున, పెరటిలోని పాత టైరులో పుడుతుంది. ఈ తేడా గుర్తించనిచోట వ్యయం ఒక చోట, వ్యాధి మరొక చోట అవుతుంది. పాత్రికేయులు, క్షేత్రస్థాయి అధికారుల ఉపయోగార్థం ఇందుకు సంబంధించిన వివరాలను ఇక్కడ పొందుపరచడమైనది.

ఈడిస్ ఈజిప్టి మన దేశపు దోమ కాదు. ఆఫ్రికా అడవులలో చెట్టు తొర్రలలోని వాన నీటిలో పుట్టి పెరిగిన ఈ జాతి, కాలక్రమంలో మనుషులు నీరు నిల్వచేసుకునే పాత్రలకు అలవాటు పడింది. బానిసల రవాణా కాలంలో ఓడలలోని మంచినీటి పీపాల ద్వారా అమెరికా ఖండాలకు చేరింది. పంతొమ్మిదవ శతాబ్దంలో పెరిగిన నౌకాయానం వలన ఆసియా రేవు పట్టణాలలో స్థిరపడింది. అక్కడి నుండి రైలు, రోడ్డు మార్గాల వెంట లోతట్టు పట్టణాలకు విస్తరించింది. అది మోసుకువచ్చే వ్యాధులలో ఒకటైన చికున్‌గున్యా పేరు సైతం ఆఫ్రికాదే. 1952-53లో నేటి టాంజానియాలో ఈ వ్యాధిని తొలిసారి గుర్తించినపుడు, కీళ్ళ నొప్పులతో ఒళ్ళు వంగిపోవడాన్ని సూచించే మకొండే భాషా పదాన్నే దానికి పేరుగా పెట్టారు. మన దేశంలో 1960వ దశకంలో ప్రబలి, తర్వాత దశాబ్దాల పాటు కనుమరుగైన ఈ జ్వరం 2005 చివరిలో తిరిగి తలెత్తింది. 2006లో దేశవ్యాప్తంగా 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదయ్యాయి. తొలుత తీవ్రంగా దెబ్బతిన్న రాష్ట్రాలలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

దోమల వలస ఒకే దిశలో సాగలేదన్నది కూడా గమనార్హం. మన పట్టణాలలో ఓవర్‌హెడ్ ట్యాంకులు, బావులలో పెరిగి మలేరియాను వ్యాపింపజేసే అనాఫిలిస్ స్టెఫెన్సీ దక్షిణాసియాకు చెందినది. ఇది 2012లో ఆఫ్రికాలోని జిబౌటిలో కనిపించింది. ఆ ఏడాది ఆ చిన్న దేశంలో 27 మలేరియా కేసులు నమోదు కాగా, 2020 నాటికి ఆ సంఖ్య 73 వేలు దాటింది. మూతలేని నీటి తొట్టి ఎక్కడ ఉన్నా, దోమ ఏ ఖండానిదైనా అక్కడ నిలదొక్కుకోగలదని ఈ రెండు ఉదంతాలు తెలియజేస్తున్నాయి.

బొగ్గు గనుల ప్రాంతంలో అటువంటి తొట్లకు కొదువ లేదు. 1960వ దశకంలో గనులు ప్రారంభమైన నాటి నుండి నలుమూలల నుండి వచ్చిన కార్మిక కుటుంబాలతో గోదావరిఖని పెరిగింది. నల్లా నీరు వచ్చే సమయానికి పట్టి నిల్వ ఉంచుకోవడం ఇక్కడి గృహిణులకు తరాల అలవాటు. రామగుండం ఎండలు రాష్ట్రమంతటికీ పరిచితమే కనుక కూలరు లేని ఇల్లు అరుదు. వేసవి ముగిశాక ఆ కూలర్లలో మిగిలిన నీటిని పారబోసేవారు తక్కువ. గనులు, లారీలు ఉన్నచోట పాడైన టైర్లూ ఉంటాయి. టైరులో చేరిన వాన నీరు త్వరగా ఆరదు, బయటకు కనబడదు.

ఇక్కడి ప్రత్యేక పరిస్థితి మరొకటి కలదు. ఈడిస్ దోమ పగటిపూట కుడుతుంది. సూర్యోదయానంతరం కొన్ని గంటలు, తిరిగి సూర్యాస్తమయానికి ముందు దాని తాకిడి అధికం. రాత్రి షిఫ్టు ముగించుకుని ఇల్లు చేరిన కార్మికుడు నిద్రకు ఉపక్రమించేది సరిగ్గా ఆ ఉదయపు వేళలోనే. దోమతెర రాత్రికే అన్న భావన వలన పగటి నిద్రకు దానిని కట్టుకునేవారు కానరారు. దోమతెరల పంపిణీ, ప్రచార కార్యక్రమాలలో ఈ విషయాన్ని ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది.

ఈడిస్ గుడ్లు నీటిలో తేలవు. నీటిమట్టానికి కాస్త పైన, పాత్ర గోడను అంటిపెట్టుకుని ఉంటాయి. నీరు ఎండిపోయినా నెలల తరబడి జీవించి, తొలకరి నీరు తగలగానే పిగులుతాయి. తదుపరి వారం, పది రోజులలో దోమ ఎగురుతుంది. అందువలన తొట్టిని ఖాళీ చేస్తే చాలదు, లోపలి గోడలను పీచుతో రుద్ది కడగాలి. ప్రతి శుక్రవారం డ్రై డే పాటించాలన్న సూచన వెనుక ఉన్నది ఈ వారం రోజుల లెక్కే.

2019వ సంవత్సరం ఈ ప్రాంతానికి చేదు అనుభవం మిగిల్చింది. ఆ ఏడాది తెలంగాణలో 13 వేలకు పైగా డెంగీ కేసులు నమోదయ్యాయి. గోదావరికి ఆవలి ఒడ్డున, సింగరేణి గనులు ఉన్న మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్‌లో ఒక్క అక్టోబరు నెలలోనే ఒకే కుటుంబానికి చెందిన నలుగురు డెంగీతో మరణించినట్లు వార్తలు వెలువడ్డాయి. అదే నెలలో రాష్ట్ర హైకోర్టు డెంగీ నివారణ చర్యలపై ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిని స్వయంగా పిలిపించి వివరణ కోరింది.

నివారణ విషయానికి వస్తే, ప్రజలు మొదట అడిగేది ఫాగింగ్. పొగ వాహనం వీధిలోకి వస్తే పని జరుగుతున్నట్లు కంటికి కనబడుతుంది. అయితే పొగ ఎగిరే దోమను మాత్రమే చంపుతుంది. ఇంటిలో మంచాల కింద, వేలాడే బట్టల చాటున ఉండే ఈడిస్‌ను అది చేరడం కష్టం, నీటిలోని లార్వాను తాకనే తాకదు. కేసు వెలువడిన ఇంటి పరిసరాలలో ఫాగింగ్ అవసరమే గాని, అదే కార్యక్రమం కారాదు. మురుగు కాలువలలో వేసే ఆయిల్ బాల్స్ బోదకాలును వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమపై పనిచేస్తాయి. కుంటలలో వదిలే గంబూషియా చేప ఇంటి గోళెం వరకు రాదు. 1928లో మన దేశానికి తెచ్చిన ఆ చేప స్వయంగా పరాయి జాతియే, స్థానిక జలచరాలకు హానికరమని పేరుపడినదే.

ఈడిస్ తాను పుట్టిన చోటు నుండి 400 మీటర్లకు మించి ఎగరడం అరుదు. అనగా, ఒక వాడలో జ్వరాలు వస్తున్నాయంటే దోమ ఆ వాడలోనే పుడుతున్నదని అర్థం. రామగుండంలో సింగరేణి క్వార్టర్లు కంపెనీ పరిధిలో, ఎన్‌టీపీసీ టౌన్‌షిప్ ఆ సంస్థ పరిధిలో, మిగతా వాడలు నగరపాలక సంస్థ పరిధిలో ఉన్నాయి. ప్రహరీకి ఇటు ఒక శాఖ, అటు మరొక శాఖ వేర్వేరు రోజులలో పనిచేస్తే ఫలితం ఉండదు. అందరూ ఒకే రోజున, ఒకే జాబితాతో ఇంటింటికీ వెళ్ళవలసి ఉంటుంది.

వార్తా రచనలో పాటించదగిన అంశాలు కొన్ని ఉన్నాయి. కార్డు పరీక్షలో పాజిటివ్ వచ్చిన ప్రతిదీ నిర్ధారిత డెంగీ కాదు. జ్వరం వచ్చిన తొలి ఐదు రోజులలో ఎన్‌ఎస్1, తర్వాత ఐజీఎం పరీక్షను ఎలీసా పద్ధతిలో జరిపితేనే జాతీయ కార్యక్రమం ప్రకారం నిర్ధారణ అవుతుంది. ప్లేట్‌లెట్ల సంఖ్యపై ఆందోళన అవసరానికి మించి వ్యాపించింది. రక్తస్రావం లేనపుడు, 10 వేల కంటే తగ్గితేనే ఎక్కించాలన్నది జాతీయ మార్గదర్శకం. అసలు ప్రమాదం జ్వరం తగ్గుముఖం పట్టిన తర్వాతి 24 నుండి 48 గంటలలో ఉంటుంది. మస్టరు పోతుందని జ్వరం దిగిన మరునాడే గనిలోకి దిగే కార్మికునికి ఈ ఒక్క విషయం చేరడం మిగిలిన ప్రచారమంతటి కంటే ముఖ్యం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి రక్తం, విపరీతమైన నీరసం కనిపిస్తే వెంటనే సింగరేణి ఏరియా ఆసుపత్రికి గాని, ప్రభుత్వ ఆసుపత్రికి గాని వెళ్ళాలి. నొప్పులకు పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వాడరాదు.

కేసుల సంఖ్యతో పాటు లార్వా సర్వే వివరాలను కూడా పాత్రికేయులు జిల్లా మలేరియా విభాగం నుండి కోరవచ్చును. పరిశీలించిన ప్రతి వంద ఇళ్ళలో ఎన్నింటిలో లార్వా కనిపించినదో తెలిపేది హౌస్ ఇండెక్స్. ఆ వంద ఇళ్ళలో లార్వా ఉన్న పాత్రలెన్నో తెలిపేది బ్రెటో ఇండెక్స్. కేసులు పెరగడానికి ముందే పెరిగేవి ఈ అంకెలు.