కలివికోడి: ఎనభై ఆరేండ్ల నిల్ రిపోర్టు

ప్రత్యేక సంచిక అంటే అందరూ పే రివిజన్ల చరిత్ర, సంఘం పోరాటాల చరిత్ర రాస్తారు కనుక నేను ఒక పిట్ట చరిత్ర రాస్తానని కార్యదర్శి గారికి ముందే మనవి చేశాను. ఆయన నవ్వి "మన జిల్లా పిట్టేనా?" అన్నారు. మన జిల్లా పిట్టే. 1986 తరువాత చాలా కాలం, ప్రపంచం మొత్తం మీద దానిని నికరంగా చూసినది కడప జిల్లా లంకమల కొండల చుట్టుపక్కల కొద్ది చోట్లే. ఆ వైపు ఉద్యోగం చేసిన మిత్రులు పేరు వినే ఉంటారు. అదే కలివికోడి.

ఇంగ్లీషువారి పుస్తకాలలో దాని పేరు జెర్డాన్స్ కోర్సర్. జెర్డాన్ అనే ఆయన కుంఫిణీ కాలంలో మద్రాసు సైన్యంలో వైద్యుడు, నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేశాడు. వైద్యం ఎంత చేశాడో గాని పక్షుల మీద మాత్రం బ్రహ్మాండమైన గ్రంథాలు రాశాడు. ఆయన సేకరించిన పక్షి ఆధారంగా 1848లో బ్లైత్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని కొత్త జాతిగా నమోదు చేశాడు. పొడవు సుమారు 27 సెంటీమీటర్లు, అంటే తీతువు కంటే చిన్నది. రొమ్ము మీద అడ్డంగా రెండు పట్టీలు, గొంతు దగ్గర ఇటుకరంగు మచ్చ, కన్ను మీద తెల్లటి గీత ఉంటాయి. శాస్త్రీయ నామంలోని రెండవ మాటకు "రెండు పట్టీలు కలది" అనే అర్థం.

తరువాత భూగర్భశాఖ ఉద్యోగి బ్లాన్‌ఫోర్డ్ భద్రాచలం, సిరోంచ ప్రాంతాలలో దీనిని చూశాడు. 1900లో అనంతపురం వైపు హోవర్డ్ క్యాంబెల్ చూసినట్లు నమోదైంది. ఆ నమోదుతో ఫైలు ఆగిపోయింది. 1929-30 ప్రాంతంలో తూర్పు కనుమలలో వెర్నే సర్వే అని పెద్ద ఎత్తున పక్షుల సర్వే జరిగింది. అందులో ఇది దొరకలేదు. 1970లలో నిపుణులు పనిగట్టుకొని వెతికినా దొరకలేదు. నిల్ రిపోర్టు మీద నిల్ రిపోర్టు. చివరకు చాలామంది ఇది అంతరించిపోయిందనే అనుకున్నారు.

1985లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే యువకుడు మళ్ళీ వెతకడం మొదలుపెట్టాడు. ఆయన చేసిన తెలివైన పని ఏమిటంటే, పక్షి కోసం కాక పక్షిని ఎరిగిన మనుషుల కోసం వెతకడం. బొమ్మలు పట్టుకొని ఊరూరా తిరిగి, అడవిలో తిరిగేవారికి, వేట తెలిసినవారికి చూపించాడు. సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె వైపు మనుషులు ఆ బొమ్మను గుర్తుపట్టారు. 1986 జనవరిలో అక్కడి వేటగాడొకడు రాత్రిపూట టార్చిలైటు వెలుగులో బిక్కచచ్చి నిలబడిపోయిన పక్షిని ప్రాణంతోనే పట్టుకున్నాడు. పాపం, అది ఎక్కువ రోజులు బతకలేదు. దాని కళేబరాన్ని బొంబాయి సొసైటీ వారు భద్రపరిచారు. కాని ఆ తరువాత అడవిలో ప్రాణంతో తిరుగుతున్న పక్షులు కూడా కనబడ్డాయి. పక్షుల సాలీం అలీ గారికి అప్పటికి ఎనభై తొమ్మిదేండ్లు. 1987 జూన్‌లో పోయారు. పోయేలోగా ఈ వార్త విన్నారు, అదొక సంతోషం.

అప్పట్లో నేను కడపలో గుమాస్తాను. అంతకు ముందు సంవత్సరమే తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. రికార్డులు పంచుకోలేక ఛస్తున్న రోజులవి. "ఎనభై ఆరేండ్ల తరువాత తిరిగి వచ్చిన పక్షి" అని ఎవరో పేపరు చూసి చదువుతుంటే, సిద్ధవటం వైపు నుంచి వచ్చే మా అటెండరు టీ గ్లాసులు పెడుతూ అన్న మాట నాకు ఇప్పటికీ జ్ఞాపకం. "అదేంది సార్, కలివికోడి గదా! యాడికన్నా పోయింటే గదా మళ్ళా వచ్చేదానికి."

నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో కీలకమైన మాట ఇదే. కలివి పొదల మధ్య తిరుగుతుంది కనుక కలివికోడి. ఊళ్ళో ఒక పిట్టకు పేరంటూ ఉంటే దానిని చూసినవారు ఉన్నట్టే గదా! కాని చూసినవారికి రాసే అలవాటు లేదు, రాసేవారు చూసినవారిని అడగలేదు. అన్నేండ్లు కనబడకపోవడానికి మరో కారణం కూడా ఉంది. ఇది రాత్రి పక్షి. పగలు కడప ఎండకు పొద మాటున మెదలకుండా పడి ఉండి, చీకటి పడ్డాక చెదపురుగులు, చీమలు ఏరుకు తింటుంది. దొరలు, నిపుణులు పగలు వెతికారు. వేటగాడు రాత్రి టార్చితో పోయాడు.

1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ప్రకటించారు. అదే సంవత్సరం తపాలాశాఖ వారు కలివికోడి బొమ్మతో బిళ్ళ కూడా వేశారు. కర్నూలు జిల్లా రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం పెట్టినదీ 1988లోనే. అక్కడ ఇప్పుడు బోర్డు ఉంది, బట్టమేక పిట్ట లేదు.

తరువాతి పరిశోధనలో నాకు బాగా నచ్చినది అడుగుజాడల పద్ధతి. పొదల నడుమ రాళ్ళు ఏరివేసి, మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే పోయి దాని మీద ఏ పిట్ట అడుగులు పడ్డాయో కొలిచేవారు. తీతువు అడుగు వేరు, కలివికోడి అడుగు వేరు. మన హాజరుపట్టీ లాంటిదే. తేడా ఏమిటంటే ఇందులో ఒకరి సంతకం మరొకరు పెట్టడానికి వీలులేదు. దాని కూతను కూడా ఈ పరిశోధకులే గుర్తించి, 2000 తరువాతి సంవత్సరాలలో నమోదు చేశారు. పొద్దుగూకిన తరువాత కొద్దిసేపు మాత్రమే కూస్తుందట.

దీని బతుకులో ఒక చిక్కు ఉంది. అడవి మరీ చిక్కబడితే ఉండదు, మరీ పలచబడినా ఉండదు. తుమ్మ, రేగు, కలివి పొదలు, వాటి మధ్య పరుగెత్తడానికి కాస్త ఖాళీ నేల, ఇదే దానికి కావాలి. గొర్రెలు, మేకలు మితంగా మేసినంత కాలం ఆ ఖాళీ నిలుస్తుంది. పొదలు మొత్తం కొట్టి నిమ్మతోట వేస్తే పిట్ట పోతుంది. అలాగని కంచె వేసి ఒక్క మేకను కూడా రానీయకపోతే కొన్నాళ్ళకు పొదలు కమ్ముకొని అప్పుడూ పోతుంది. ఇది చదివాక మేకలవాళ్ళందరినీ దొంగలుగా చూసే పద్ధతి నాకు నచ్చడం మానేసింది.

అన్నిటికంటే పెద్ద గండం తెలుగుగంగ కాలువ. 2005లో కాలువ పనికి వచ్చిన యంత్రాలు కలివికోడి తిరిగే పొదలను చదును చేస్తుండగా, అక్కడ పనిచేస్తున్న పరిశోధకులు గమనించి గోల చేయబట్టి పని ఆగింది. వ్యవహారం సుప్రీంకోర్టు నియమించిన కమిటీ దాకా పోయింది. చివరకు కాలువ దారి మార్చి, పక్షి కోసం అదనంగా భూమి కూడా చేర్చారు. రాయలసీమలో పుట్టినవాడిని, కాలువ వద్దనే మాట నా నోట రాదు. కాని కాలువకు మరో దారి దొరికింది, పిట్టకు దొరికి ఉండేది కాదు.

2013లో ఒక విచిత్రం బయటపడింది. స్కాట్లండులో అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఒక పాత గుడ్డు ఉంది. డీఎన్ఏ పరీక్ష చేస్తే అది కలివికోడి గుడ్డని తేలింది. కోలారు బంగారు గనుల దగ్గర పనిచేసిన మీటన్ అనే పశువైద్యుడు 1917లో సేకరించినదట. అంటే 1900తో ఫైలు ముగిసిందని అందరూ రాసుకుంటూ పోతుంటే, పదిహేడేండ్ల తరువాతి కాగితం మరో ఆఫీసు బీరువాలో భద్రంగా ఉందన్నమాట. రికార్డు రూముల్లో తిరిగినవారికి ఇందులో ఆశ్చర్యం ఏమీ ఉండదు.

2009 తరువాత మళ్ళీ నిల్ రిపోర్టులే. అభయారణ్యం ఉంది, కాలువ పక్కకు జరిగింది, పిట్ట జాడ మాత్రం నికరంగా తెలియలేదు. ఈసారి నిజంగానే అయిపోయిందని అన్నవారూ ఉన్నారు. పదహారేండ్ల తరువాత, 2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు రాత్రివేళ మన రాష్ట్రంలోనే దాని కూత విని రికార్డు చేశారు. గూడు ఎక్కడ ఎలా పెడుతుందో మాత్రం ఇప్పటికీ ఏ పుస్తకంలోనూ లేదు. సిద్ధవటం, బద్వేలు వైపు మిత్రుల ఇళ్ళలో పెద్దవారెవరికైనా తెలిసి ఉంటే, దయచేసి అడిగి రాసి పంపండి.