సీసా మీది ఊరిపేరు



ఫ్రెంచివారి ఎర్ర వైన్ సీసాను మొదటిసారి చేతిలోకి తీసుకున్నవారికి ముందుగా కలిగేది తికమక. లేబులు మీద పెద్ద అక్షరాలతో ఒక పేరు ఉంటుంది. అది ద్రాక్షరకం పేరనుకుంటారు చాలామంది. తయారుచేసిన కంపెనీ పేరనుకునేవారూ ఉన్నారు. నిజానికి ఎక్కువసార్లు అది ఒక ఊరి పేరు, లేదా ఒక సీమ పేరు. పోమార్, మార్గో, షినోఁ - ఇవన్నీ మనుషులు కాపురాలుంటున్న ఊళ్ళే. బంగినపల్లి అనగానే మనకు ఊరికంటే ముందు పండు గుర్తుకొచ్చినట్టే, వారికీ ఈ పేర్లు వినగానే రుచి గుర్తుకొస్తుంది. మిమ్మల్ని తాగమని చెప్పడానికి కాదు ఈ ప్రసంగం. ఆ పేరు లేబులు మీదికి ఎలా ఎక్కిందో చెప్పడానికి.

ముందు రుచి సంగతి నాలుగు మాటల్లో చెప్పుకుందాం. నల్లద్రాక్షను పిండితే వచ్చే రసం దాదాపు తెల్లగానే ఉంటుంది. తొక్కలతో కలిపి పులియబెడితేనే ఎరుపు వస్తుంది. ఆ తొక్కల నుంచీ గింజల నుంచీ రంగుతోపాటు టానిన్ అనే పదార్థం కూడా దిగుతుంది. నాలుకను పట్టేసే ఆ గుణాన్ని వర్ణించడానికి పుస్తకాలు చాలా అవస్థ పడతాయి. మనకు ఆ అవస్థ లేదు. అది వగరు. ఉగాది పచ్చడిలో మామిడి పిందె ఇచ్చే రుచి, ఎక్కువసేపు మరిగిన టీలో ఉండే రుచి. బోర్డో సీమ వైన్లలో కాబెర్నే సోవిఞోఁ, మెర్లో అనే రకాలను కలుపుతారు కాబట్టి వగరు గట్టిగా ఉంటుంది. బర్గండీలో పీనో నువార్ ఒక్కటే. వగరు తక్కువ, వాసన ఎక్కువ. అక్కడి ప్రభువు ఫిలిప్ 1395లోనే గామే అనే రకాన్ని తన సీమ నుంచి వెళ్ళగొడుతూ శాసనం చేశాడు. కాపు విరివిగా కాస్తుంది, రుచి నాసి అని ఆయన ఫిర్యాదు. వెళ్ళగొట్టిన గామే దక్షిణాన బోజొలేలో స్థిరపడి, ఈనాటికీ సుఖంగా ఉంది. కొత్తవారికి నాలుకకు తేలికగా తోచేది కూడా అదే.

బోర్డో గురించి మాట్లాడేవారు 1855 నాటి జాబితాను తప్పకుండా ఎత్తుతారు. మూడో నెపోలియన్ పారిస్ ప్రదర్శన కోసం అడిగితే, బోర్డో దళారులు తోటలను అయిదు తరగతులుగా విడగొట్టి ఇచ్చారు. దేన్నిబట్టి? ముఖ్యంగా అంతకుముందు ఏళ్ళ అమ్మకపు ధరలను బట్టి. నేల పరీక్షలేమీ జరగలేదు. ఆ తర్వాత జరిగిన పెద్ద మార్పు ఒక్కటే, 1973లో మూతోఁ తోటకు మొదటి తరగతి ఇవ్వడం. ఆ జాబితాకు ఇంత గౌరవం ఎందుకో నాకు బోధపడదు.

అసలు కథ పేదరైతుల సీమది. 1863 ప్రాంతంలో దక్షిణాన గార్ జిల్లాలో ద్రాక్షతీగలు కారణం తెలియకుండా ఎండిపోవడం మొదలైంది. 1868లో మోంపెలియే వృక్షశాస్త్రవేత్త ప్లాంషోఁ, అతని మిత్రులు ఇంకా బతికి ఉన్న తీగలను పెకలించి వేళ్ళు చూశారు. పేనుబంకకు దగ్గర చుట్టమైన చిన్న పసుపురంగు పురుగులు గుంపులుగా కనిపించాయి. ఫిల్లోక్సెరా. అమెరికా నుంచి తెచ్చిన తీగలతో ఓడెక్కి వచ్చిన పురుగు. 1875లో సుమారు 840 కోట్ల లీటర్లున్న ఫ్రాన్సు దిగుబడి 1889 నాటికి 234 కోట్లకు పడిపోయింది. మందు కనిపెట్టినవారికి ప్రభుత్వం 3 లక్షల ఫ్రాంకుల బహుమతి ప్రకటించింది. అది ఎవరికీ దక్కలేదు. చివరకు మార్గం ఏమిటంటే, పురుగుకు తట్టుకునే అమెరికా తీగ వేరు మీద ఫ్రెంచి తీగను అంటు కట్టడం. రోగం తెచ్చిన చోటి నుంచే మందు కూడా వచ్చిందన్నమాట. ఈనాటికీ ఫ్రాన్సులో చాలా తోటలకు వేరు అమెరికాది, కొమ్మ ఫ్రాన్సుది.

తోటలు కోలుకునే లోపల ఇంకో పురుగు పట్టింది. వైన్ కరువైన రోజుల్లో వ్యాపారులు ఎండుద్రాక్షను నీళ్ళలో నానబెట్టి, పంచదార కలిపి, రంగు వేసి అమ్మడానికి అలవాటు పడ్డారు. పంట తిరిగి వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ఒకవైపు అసలు, ఇంకోవైపు నకిలీ, పైగా అల్జీరియా నుంచి ఓడల కొద్దీ వైన్. ధర కుప్పకూలింది. లాంగ్‌డాక్ రైతు అప్పులపాలయ్యాడు.

1907 మార్చి 11న ఆర్జెలియే అనే పల్లె నుంచి 87 మంది నార్బోన్‌కు నడిచి వెళ్ళారు. ముందు నడిచినవాడు మార్సెలాఁ అల్బేర్, ఊళ్ళో కాఫీ హోటలు నడుపుకుంటూ కాస్త ద్రాక్ష పండించుకునేవాడు. ప్రతి ఆదివారం ఒక పట్నంలో సభ, ప్రతి సభకూ జనం రెట్టింపు. జూన్ 9న మోంపెలియేలో 5 లక్షలకు పైగా చేరారని చెబుతారు. ప్రధాని క్లెమాఁసో సైన్యాన్ని పంపాడు. జూన్ 19, 20 తేదీల్లో నార్బోన్‌లో కాల్పులు జరిగి ఆరుగురు చనిపోయారు. ఆ సంగతి విని 17వ పదాతి దళంలో సుమారు 500 మంది సిపాయిలు తిరగబడ్డారు. వారంతా ఆ సీమ రైతుల పిల్లలే. ఆ తర్వాత వారిని ట్యునీసియాలోని గఫ్సాకు పంపించారు.

ఇక అల్బేర్ సంగతి. అతడు రహస్యంగా పారిస్ వెళ్ళి ప్రధానిని కలిశాడు. క్లెమాఁసో అతని చేతిలో రైలు ఖర్చులకని 100 ఫ్రాంకుల నోటు పెట్టి, ఆ సంగతి పత్రికలవారికి చెప్పాడు. అంతే. నిన్నటిదాకా భుజాల మీద మోసినవారే ద్రోహి అన్నారు. 1921లో పేదరికంలోనే కన్నుమూశాడు. చరిత్ర పుస్తకాలు క్లెమాఁసోను గొప్పవాడంటాయి. కాదనను. కానీ ఈ నోటు దగ్గరకొచ్చేసరికి నా మనసు మాత్రం ఆ కాఫీ హోటలు వాడి వైపే ఉంటుంది. ఆ ప్రభుత్వమే ఆనాడు యానానికీ ప్రభుత్వమన్నది మన శ్రోతలకు వేరే చెప్పనక్కరలేదు.

జూన్ 29న నీళ్ళు కలపడాన్నీ, పంచదార మోసాన్నీ అరికట్టే చట్టం వచ్చింది. కల్తీకి అడ్డుకట్ట పడింది. కానీ ఒక ఊరి వైన్‌ను ఇంకో ఊరి పేరుతో అమ్మితే ఏం చేయాలి? 1923లో షాతోనఫ్ దు పాప్ రైతులు, లెరువా అనే బారన్ నాయకత్వంలో, తమకు తామే నియమాలు రాసుకున్నారు. ఏ నేలలో పండించాలి, ఏ రకాలు వేయాలి, ఎంత ఘాటు ఉండాలి అన్నీ. థైమ్, లావెండర్ మొక్కలు మొలిచే బీడునేలే ద్రాక్షకు తగినదని అందులో ఒక గుర్తు. 1935 జులై 30 చట్టం ఈ పద్ధతిని దేశమంతటికీ చేసింది. మరుసటి ఏడు నుంచి పేర్లకు గుర్తింపు ఇవ్వడం మొదలైంది. మన దేశంలో 1999లో చేసిన భౌగోళిక గుర్తింపు చట్టం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే. డార్జిలింగ్ టీకి 2004లో, తిరుపతి లడ్డూకు 2009లో, బంగినపల్లి మామిడికి 2017లో ఆ రక్షణ దొరికింది.

కాబట్టి లేబులు చూసేటప్పుడు 'ఆపెల్లాసియోఁ' అన్న మాట కోసం వెతకండి. దాని తర్వాత 'కంత్రోలే' అనిగానీ, ఇటీవలి సీసాల మీద 'ప్రొతెజే' అనిగానీ ఉంటుంది. అక్కడున్న పేరే ఆ వైన్ పుట్టినచోటు. పేరు ఎంత చిన్న ఊరిదైతే సాధారణంగా నియమం అంత గట్టిది. 'బోర్డో' అని మాత్రమే ఉంటే ద్రాక్ష ఆ పెద్ద సీమలో ఎక్కడిదైనా కావచ్చు. 'మార్గో' అని ఉంటే ఆ ఊరిదీ, దాని పక్కనున్న నాలుగూళ్ళదీ కావాలి.

మరి 1907లో నడిచినవారి సీమకు ఏమైంది? గుర్తింపులన్నీ మొదట పేరున్న తోటలవైపే వెళ్ళాయి. నార్బోన్ చుట్టుపక్కల కోర్బియేర్, మినెర్వువా వైన్లకు ఆ మాట లేబులు మీద పూర్తి హక్కుతో రాసుకునే అవకాశం 1985లో గానీ రాలేదు. కారిఞాన్, గ్రెనాష్, సిరా రకాలతో చేసే ఆ ఎర్ర వైన్ ఇప్పటికీ బోర్డో పేరున్న తోటల ధరలో ఎన్నో వంతుకే దొరుకుతుంది.