క్యావిటీ బ్యాక్ ఐరన్
గోల్ఫ్‌ కొత్తగా నేర్చుకునేవారికి, హ్యాండిక్యాప్ ఎక్కువున్నవారికి (అంటే ఆటలో నైపుణ్యం ఇంకా తక్కువగా ఉన్నవారికి) అనువైన ఐరన్ క్లబ్బు. దీని తల వెనుక భాగాన్ని గుల్ల చేసి, అక్కడి లోహాన్ని అంచులకు తరలిస్తారు. బరువు అంచుల్లో ఉండడం వల్ల బంతి నడిమధ్యన కాక టో (తల కొస) వైపో, హీల్ (కర్ర కలిసే చోటు) వైపో తగిలినా తల అంతగా మెలితిరగదు. బంతి దారి తప్పడం, దూరం తగ్గడం రెండూ తక్కువే. నార్వేలో పుట్టిన అమెరికన్ ఇంజనీరు కార్‌స్టెన్ సోల్‌హైమ్ ఈ సూత్రాన్ని మొదట పటర్లలో, ఆపైన ఐరన్లలో అమలుచేశాడు. ఆయన సంస్థ పింగ్ 1980ల్లో తెచ్చిన ఐ2 ఐరన్లు విపరీతంగా అమ్ముడయ్యాయి.

కొనేటప్పుడు ముందు అడుగుభాగం చూడాలి. సన్నని అడుగు నేలలోకి దిగబడుతుంది. వెడల్పాటిది గడ్డి మీద జారుతూ, బంతి కంటే ముందే నేలను తాకిన దెబ్బను కూడా కొంతవరకు నిలబెడుతుంది. గరిమనాభి కిందికి ఉంటే బంతి సులువుగా పైకి లేస్తుంది. లాఫ్ట్ (క్లబ్బు ముఖం వాలు కోణం) విషయంలో మాత్రం తొందరపడకూడదు. ఒకప్పుడు సుమారు 35 డిగ్రీలుండే 7 ఐరన్ ఇప్పుడు కొన్ని సెట్లలో 30కి లోపే ఉంటోంది. దూరం పెరిగినట్టు కనిపిస్తుంది గానీ, పిచింగ్ వెడ్జ్ లాఫ్ట్ కూడా అలాగే తగ్గడంతో దానికీ శాండ్ వెడ్జ్‌కూ మధ్య పెద్ద ఖాళీ ఏర్పడి, మరో వెడ్జ్ కొనాల్సి వస్తుంది. కొట్టడం కష్టమైన 3, 4 ఐరన్లకు బదులు హైబ్రిడ్ క్లబ్బులు తీసుకోవడమే మేలు.