దుబాయ్ వీసాకు డబ్బు కట్టే ముందు సిపెట్ గురించి తెలుసుకోండి

రెండేళ్ల కిందట ఎండాకాలంలో జగిత్యాల నుంచి మా అక్క ఫోన్ చేసింది. "పోరడు దుబాయ్ పోతా అంటుండు. ప్లాస్టిక్ కంపెనీల హెల్పర్ పనంట. ఏజెంటు లక్షన్నర అడుగుతుండు. మరిదిని అడిగి చెప్పు, పంపుమంటవా వద్దా?"

మేము షార్జా వచ్చి పన్నెండేళ్లయింది. మా వారు ఇక్కడ ఒక ప్యాకేజింగ్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తారు. జీతాల షీటు ఆయన చేతి మీదుగానే పోతుంది. అక్క మాట చెప్పగానే ఆయన అన్నది ఇది: "హెల్పర్లు ఎంతమందైనా దొరుకుతారు. మెషిన్ సెట్ చేసేవాడు, అచ్చు విప్పి బాగు చేసేవాడు దొరకడం కష్టం. ఇద్దరూ ఒకే షెడ్డులో నిలబడతారు, జీతంలో మాత్రం పొంతన ఉండదు. మా దగ్గర ఆ పని చేసే ఇద్దరు కుర్రాళ్లూ సిపెట్‌లో చదివినవాళ్లే."

నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. పాలిమర్ల పాఠం పరీక్ష కోసం బట్టీ పట్టాను. ఆ డిగ్రీతో చేరగలిగే ప్లాస్టిక్స్ సంస్థ హైదరాబాద్‌లోనే ఉందని అప్పట్లో మాకు ఎవరూ చెప్పలేదు. ఊళ్లో తమ్ముళ్లు, మేనల్లుళ్లు ఉన్న మన కుటుంబాలకు పనికొస్తుందని, తర్వాత నేను తెలుసుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

సిపెట్ అంటే ఏమిటి?

ఇది కేంద్ర ప్రభుత్వ సంస్థ. రసాయనాలు, ఎరువుల మంత్రిత్వ శాఖ కింద పనిచేస్తుంది. 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో చెన్నైలోని గిండీలో మొదలైంది. ఇంతకుముందు పేరు సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్లాస్టిక్స్ ఇంజినీరింగ్ అండ్ టెక్నాలజీ. ఇప్పుడు 'ప్లాస్టిక్స్' స్థానంలో 'పెట్రోకెమికల్స్' అని మార్చారు, పొట్టి పేరు మాత్రం సిపెట్టే. తెలంగాణలో హైదరాబాద్ చర్లపల్లి పారిశ్రామికవాడలో, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ దగ్గర గన్నవరం పక్కనున్న సూరంపల్లిలో కేంద్రాలున్నాయి. మైసూరు, కొచ్చి, భువనేశ్వర్, అహ్మదాబాద్ వంటి చోట్ల కూడా ఉన్నాయి.

మామూలు కాలేజీకీ దీనికీ తేడా ఒకటుంది. పిల్లలకు చదువు చెప్పే చోటే ఫ్యాక్టరీలకు అచ్చులు చేసిపెడతారు, సరుకు పరీక్షించి రిపోర్టు ఇస్తారు. అందువల్ల విద్యార్థి చూసే మెషిన్లు పరిశ్రమలో వాడే మెషిన్లే.

వంటింటి భాషలో ఆ పని

ప్లాస్టిక్ గింజల్ని కరిగించి ఆకారం ఇవ్వడానికి ముఖ్యంగా మూడు పద్ధతులున్నాయి. జంతికల గొట్టంలో పిండి పెట్టి నొక్కితే బిళ్ల రంధ్రాన్ని బట్టి ఆకారం వస్తుంది కదా, పైపులు తయారయ్యేది అలాగే. దాన్ని ఎక్స్‌ట్రూజన్ అంటారు. రెండోది ఇంజెక్షన్ మోల్డింగ్, కజ్జికాయల అచ్చు లాంటిది. రెండు సగాలుగా ఉండే ఉక్కు అచ్చును మూసి, కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో లోపలికి పంపి, చల్లారాక తెరుస్తారు. బకెట్లు, కుర్చీలు, సీసా మూతలు ఇలా వస్తాయి. మూడోది బ్లో మోల్డింగ్. వేడిగా ఉన్న ప్లాస్టిక్ గొట్టంలోకి గాలి ఊది, అచ్చు గోడలకు అంటుకునేలా చేస్తారు. సీసాలు, డబ్బాలు ఇలా తయారవుతాయి.

వినడానికి తేలికే. కానీ అచ్చు బిగువుగా మూసుకోకపోతే వస్తువు అంచున రేకులా పొర లేస్తుంది. కొన్ని రకాల గింజల్లో తేమ ఉంటే వెండి గీతలు పడతాయి. చల్లారకముందే తీస్తే వంకర పోతుంది. ఏది ఎందుకు వచ్చిందో చూసి వేడి, ఒత్తిడి, సమయం సరిచేసేవాడే మెషిన్ సెట్టర్. మా వారు దొరకడం లేదన్నది ఇతని గురించే.

ఇక అచ్చు ఒక్కటే లక్షల్లో ఉంటుంది. దాన్ని చేసే కంప్యూటర్ మెషిన్లు చిన్న యజమాని కొనలేడు. అలాంటివాళ్లు సిపెట్ టూల్ రూమ్‌లో డిజైన్ గీయించి, అచ్చు చేయించుకుంటారు.

పరీక్షశాల ఎందుకు?

మా నాన్న పొలానికి ఒకసారి ఐఎస్ఐ గుర్తు లేని నల్ల పైపు చవకగా వస్తుందని తెచ్చారు. రెండో ఏడాదే నిలువునా పగిలింది. నీళ్లందక అరెకరం పసుపు పోయింది. అప్పుడు మా తలరాత అనుకున్నాం. కారణం తలరాత కాదని ఇప్పుడు తెలుసు. నీటి సరఫరాకు వాడే హెచ్‌డీపీఈ పైపుకు ఐఎస్ 4984 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఎండ దెబ్బకు తట్టుకోవాలంటే అందులో కార్బన్ బ్లాక్ సుమారు 2 నుంచి 3 శాతం ఉండాలి, అదీ సమంగా కలవాలి. రంగుకు నల్లగా ఉంటే చాలదు.

దాన్ని కొలిచేది ఇలాంటి పరీక్షశాలలే. ప్లాస్టిక్‌ను 190 డిగ్రీల దగ్గర కరిగించి, పైన బరువు పెట్టి, పది నిమిషాల్లో ఎన్ని గ్రాములు కారుతుందో చూస్తారు. సరైన సరుకేనా కాదా అన్నది చాలావరకు అక్కడే బయటపడుతుంది. పైపులో నీళ్లు నింపి గంటల తరబడి ఒత్తిడి పెడతారు. మట్టిలో కలిసిపోతాయని చెప్పే సంచులు నిజంగా కలిసిపోతాయో లేదో కూడా పరీక్షిస్తారు.

ఎవరు ఏ కోర్సులో చేరవచ్చు?

పదో తరగతి పాసైనవారికి మూడేళ్ల డిప్లొమాలు రెండున్నాయి. ఒకటి ప్లాస్టిక్స్ టెక్నాలజీ, తయారీ పద్ధతుల మీద ఉంటుంది. రెండోది ప్లాస్టిక్స్ మోల్డ్ టెక్నాలజీ, అచ్చుల తయారీ మీద ఉంటుంది. కెమిస్ట్రీ చదివిన బీఎస్సీవారికి ప్లాస్టిక్స్ ప్రాసెసింగ్ అండ్ టెస్టింగ్‌లో రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది. నాలాంటివాళ్లకు సరిపోయేది ఇదే. మెకానికల్ డిప్లొమా చేసినవారికి అచ్చుల డిజైన్‌లో ఏడాదిన్నర పోస్ట్ డిప్లొమా ఉంది. ప్రవేశం దేశమంతటికీ కలిపి జరిగే సిపెట్ అడ్మిషన్ టెస్ట్ ద్వారా ఉంటుంది.

అంతకాలం ఆగలేనివారికి మెషిన్ ఆపరేటర్ వంటి కొద్ది నెలల శిక్షణలున్నాయి. ప్రభుత్వ పథకాల కింద నడిచే బ్యాచ్‌లలో ఫీజు, చాలాసార్లు వసతి, భోజనం కూడా ప్రభుత్వమే భరిస్తుంది.

మా ఇంట్లో జరిగింది

మా అక్క కొడుకు ఇంటర్‌లో రెండు సబ్జెక్టులు పోయి ఇంట్లో కూర్చున్నాడు. సెలవులకు వెళ్లినప్పుడు వాణ్ని చర్లపల్లి తీసుకెళ్లాను. దారంతా ముఖం ముడుచుకునే ఉన్నాడు. మెషిన్ల దగ్గర మాత్రం నన్ను వదిలేసి ముందుకు నడిచాడు. అక్కకు నచ్చలేదు. "మూడేండ్లు ఎట్ల ఆగాలె? అప్పు నిన్ను నన్ను అడుగుతదా?" అంది. ఆమె మాటలో తప్పులేదు. హాస్టల్ ఖర్చు మేమిద్దరం చెరిసగం పెట్టుకుందామని ఒప్పించాను.

పరీక్ష రాసి డిప్లొమాలో చేరాడు. మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లిష్ పాఠాలు అర్థం కాక ఒక పేపరు పోయింది, తర్వాత కట్టేశాడు. మొన్న ఫోన్ చేసి, "చిన్నమ్మా, ఇయ్యాల అచ్చు మేమే విప్పి మళ్ల బిగించినం" అన్నాడు. దుబాయ్ ఆలోచన మానలేదు. రానీయండి, చేతిలో పని పట్టుకుని వస్తాడు.

ఊళ్లో మీవాళ్లకు చెప్పవలసినవి

డిప్లొమా చేతికి రాగానే గల్ఫ్ ఉద్యోగం రాదు. ముందు మన దగ్గరే రెండు మూడేళ్లు పనిచేయాలి. మొదటి జీతం తక్కువే, షిఫ్టులు, షెడ్డులో వేడి తప్పవు.

యూఏఈలో చదువును బట్టి ఉద్యోగం అడగాలంటే సర్టిఫికెట్‌కు మన విదేశాంగ శాఖ, ఢిల్లీలోని యూఏఈ ఎంబసీ అటెస్టేషన్, ఆ తర్వాత ఇక్కడి విదేశాంగ శాఖ ముద్ర కావాలి. పాస్‌పోర్టులో, సర్టిఫికెట్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ఊళ్లోనే చూసుకోవాలి.

చివరగా ఏజెంటు సంగతి. భారత ప్రభుత్వ నిబంధనల ప్రకారం రిజిస్టరైన ఏజెంటు తీసుకోవలసిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో ఎవరైనా చూడవచ్చు. మా అక్కను లక్షన్నర అడిగిన మనిషి పేరు అందులో లేదు.