నావికుడి గవ్వల కానుక.. కూర్చిందెవరు?

ఎనిమిది పలకల చెక్కపెట్టె. తెరిస్తే రెండు భాగాల్లోనూ అద్దం కింద వందలాది బుల్లి గవ్వలు. ఒకవైపు హృదయం, మరోవైపు గులాబీయో, దిక్సూచి నక్షత్రమో. కొన్నింటిలో 'నన్ను మరువకు' అంటూ గవ్వలతోనే పేర్చిన అక్షరాలు. వీటినే 'సెయిలర్స్ వాలెంటైన్స్' అంటారు. 19వ శతాబ్దంలో, ముఖ్యంగా 1830-1880 మధ్య, ఇంగ్లండ్, అమెరికా నావికులు ఇంట్లోవాళ్లకు తీసుకెళ్లిన కానుకలివి.

నెలల తరబడి సాగే ప్రయాణాల్లో పొద్దుపోక ఆ నావికులే ఒక్కో గవ్వా అతికించారని జనం చాలాకాలం నమ్మారు. నమ్మకానికి ఆధారం లేకపోలేదు. తిమింగలాల వేటకు వెళ్లినవాళ్లు వాటి పళ్ల మీద బొమ్మలు చెక్కడం నిజమే. అయితే ఆ పనికి సూది, కాస్త మసి ఉంటే చాలు. గవ్వల పని అలా కాదు. రంగు, సైజు చూసి ఏరిన కుప్పలు కావాలి. పెట్టె లోపల అట్టముక్కలతో గళ్లు కట్టాలి, ఒక్కో గడిలో ఒక్కో రకం అతికించాలి. ఊగే ఓడలో అది కుదిరే పనేనా?

ఈ కథను ప్రశ్నిస్తూ 1961లో అమెరికాలోని 'యాంటిక్స్' పత్రికలో జుడిత్ కూలిడ్జ్ హ్యూస్ వ్యాసం రాశారు. ఒక పాత పెట్టె లోపల దొరికిన కాగితం ముక్కలు బార్బడోస్‌లో అచ్చయిన 'బార్బేడియన్' పత్రికవి. మరికొన్ని పెట్టెల వెనుక అక్కడి బ్రిడ్జ్‌టౌన్‌లోని 'న్యూ క్యూరియాసిటీ షాప్' చీటీలున్నాయి. బెల్‌గ్రేవ్ కుటుంబం నడిపిన దుకాణమది. వాడిన గవ్వలు కూడా చాలావరకు కరీబియన్ తీరానివే.

కరీబియన్ దీవుల్లో అన్నిటికంటే తూర్పున ఉన్నది బార్బడోస్. అట్లాంటిక్ దాటి వచ్చే ఓడలకు అనువైన మజిలీ. 1838లో బానిసత్వం నుంచి పూర్తి విముక్తి వచ్చినా, అక్కడి బతుకంతా చెరకు తోటల చుట్టూనే తిరిగింది. అలాంటి చోట ఒడ్డున ఉచితంగా దొరికే గవ్వ, ఓపికున్న చేతుల్లో పడి అమ్మకపు సరుకైంది. రేవులో దిగిన నావికుడు దాన్ని కొన్నాడు, అంతే.

ఇప్పుడు ఆ పాత పెట్టెలు మ్యూజియాలకు, వేలంపాటలకు చేరాయి. నావికుడి ప్రేమకథ వాటితోపాటే ప్రయాణించింది, దుకాణదారు పేరు చీటీ మీద నిలిచింది. గవ్వలు కూర్చిన పనివాళ్లు మాత్రం సంతకం చేయలేదు. పెట్టె గొప్పదనం వాళ్లదే కాబట్టి, కథలో మొదటి చోటూ వాళ్లకే దక్కాలి.