తీసిపెట్టుకొనే పళ్ళ క్లిప్పు

తీసిపెట్టుకొనే పళ్ళ క్లిప్పు అనగా వంకర పళ్ళను సరిచేయుటకు, లేదా సరిచేసిన పళ్ళను అదే వరుసలో నిలుపుటకు ధరించే పరికరం. దీనిని రోగి స్వయంగా తీసి పెట్టుకోవచ్చును. అమెరికా వైద్యుడు చార్లెస్ హాలీ పేరుతో పిలిచే హాలీ రిటెయినర్ వీటిలో బాగా ప్రసిద్ధి చెందినది.

'''తయారీ'''

వైద్యుడు ఆల్జినేట్‌తో నోటి అచ్చు తీస్తాడు. ఇది సముద్రపు నాచు నుండి లభించే పదార్థం. నీరు ఆవిరైతే అచ్చు కుంచించుకుపోతుంది, అప్పుడు క్లిప్పు నోటికి సరిపోదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే నెల్లూరు జిల్లాలో ఇది చిన్న విషయం కాదు. అల్లూరు, విడవలూరు వంటి తీర మండలాల నుండి నెల్లూరులోని ల్యాబుకు అచ్చును పంపుటకన్నా, వెంటనే అక్కడే స్టోన్ ప్లాస్టరు పోసి ఆ నమూనాను పంపుట మేలు.

ల్యాబులో నమూనాపై స్టెయిన్‌లెస్ స్టీలు తీగను పటకారుతో వంచుతారు. దవడ పళ్ళను పట్టుకొనే ఆడమ్స్ కొక్కేనికి సాధారణంగా 0.7 మి.మీ., పంటిని నెట్టే సన్నని స్ప్రింగుకు 0.5 మి.మీ. తీగ వాడతారు. ఒకే చోట పదేపదే వంచినా, పటకారు గాటు పడినా తీగ తరువాత అక్కడే విరుగుతుంది. బి.డి.ఎస్. విద్యార్థులకు కూడా ఈ తీగపని నేర్పుతారు.

పిదప నమూనాకు సోడియం ఆల్జినేట్ ద్రావణం పూసి, అక్రిలిక్ పొడిని, ద్రవాన్ని మార్చిమార్చి వేస్తారు. వేడికి ఇది త్వరగా గట్టిపడుతుంది. బుడగలు రాకుండా గోరువెచ్చని నీటిలో, పీడనం కింద ఉంచుతారు. మిగిలిపోయిన ద్రవం చిగుళ్ళను మండించగలదు కనుక సానపట్టిన క్లిప్పును నీటిలో నానబెడతారు.

'''పరిమితులు'''

ఇది పంటిని ఒరిగించగలదే గాని, వేరుతో సహా జరపలేదు. అందుకు స్థిరమైన క్లిప్పులు అవసరం. వేడినీటితో కడిగితే అక్రిలిక్ వంగిపోవచ్చును.